గ్వాలియర్ కొండ మీద పాఠభేదాలు

నేను గ్వాలియర్ వెళ్ళింది సున్నాని చూడ్డానికి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అదొక తీర్థయాత్ర లాంటిది, నవ్వుకున్నా పర్వాలేదు. కోటకి తూర్పు వైపు నుంచి ఎక్కే దారిలో చతుర్భుజాలయం అని రాతిలో తొలిచిన చిన్న గుడి ఉంది. అక్కడి 876 నాటి సంస్కృత శాసనంలో పూలతోట కోసం ఇచ్చిన భూమి పొడవు 270 హస్తాలు అనీ, దేవుడికి రోజూ కట్టాల్సిన దండలు 50 అనీ అంకెల్లో చెక్కారు. ఆ సున్నాలు మనం ఇవాళ రాసే సున్నాల్లాగే గుండ్రంగా ఉంటాయి, పక్క అంకెల కంటే కాస్త చిన్నగా. ప్రపంచంలో తొలి సున్నా ఇదేనని చాలామంది రాస్తుంటారు గానీ, కంబోడియాలో దొరికిన 683 నాటి శాసనంలో చుక్కలా ఉన్న సున్నా దీనికంటే పాతది. అది తెలిసి కూడా వెళ్ళాను. పది నిమిషాలు చూసి, ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. లెక్కప్రకారం అక్కడితో నా పని అయిపోవాలి.

అయిపోలేదు. నేను దిగింది మా టీములో పనిచేసే అమ్మాయి వాళ్ళింట్లో. వాళ్ళది దిగంబర జైన కుటుంబం, తరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్నారు. "సున్నా చూశావుగా బేటా, ఇంక మా దేవుళ్ళని చూద్దువుగాని పద" అని వాళ్ళమ్మగారు ఆటో మాట్లాడి, కొండ చుట్టూ తిప్పి, పడమటి వైపు ఉర్వాహీ దారికి తీసుకెళ్ళారు. అక్కడ నేను ఆవిడతో ఒక మాట అన్నాను. ఈ వ్యాసం ఆ మాట గురించి, దాని వెనకున్న నా చదువరి అలవాటు గురించి.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. గ్వాలియర్ కోట ఉన్నది ఇసుకరాతి కొండ మీద. ఉత్తర దక్షిణాలుగా సుమారు రెండున్నర కిలోమీటర్లు సాగిన పొడుగాటి కొండ. పడమటి వైపు ఒకచోట ఈ కొండ లోపలికి ఒంపు తిరిగి లోయలా ఏర్పడింది. అదే ఉర్వాహీ. కోటకి నీళ్ళిచ్చిన బావులు అక్కడే ఉన్నాయి. 13వ శతాబ్దంలో కోటని గెలుచుకున్న ఇల్తుత్‌మిష్ ఆ నీళ్ళ కోసమే లోయ మూతికి అడ్డంగా గోడ కట్టించాడంటారు. దారి పక్కనే నిట్టనిలువుగా లేచిన రాతి దరి. ఆ దరిలోనే గూళ్ళు తొలిచి తీర్థంకరులని చెక్కారు. కొందరు నిలబడి, కొందరు పద్మాసనంలో, కొందరు మనిషంత, కొందరు మూడంతస్తుల ఇల్లంత. అందరిలోకి పెద్దవాడు ఆదినాథుడు, 57 అడుగులు. పాదాల దగ్గర నిలబడితే ఆయన మోకాళ్ళ దాకా మామూలుగా కనిపిస్తాయి, ఆపైన మెడ నొప్పి పుట్టాల్సిందే. శాసనాల ప్రకారం ఈ పనంతా 1440 నుంచి 1473 లోపు జరిగింది. తోమర రాజు డూంగర్ సింగ్, ఆయన తర్వాత కొడుకు కీర్తి సింగ్ కాలం అది.

నన్ను ఆపేసింది వాటి సైజు కాదు. జైన గుహలంటే ఊళ్ళకి దూరంగా ఎక్కడో ఉంటాయనుకునేవాణ్ణి. ఇక్కడ కోటకి రక్షణగా ఉండాల్సిన కొండ చెక్కునే తొలిచి దేవుళ్ళని పెట్టారు. శత్రువుకి ముందు కనిపించేది బురుజులూ ఫిరంగులూ కాదు, ఆయుధం కాదు కదా నూలుపోగు కూడా లేని మనుషులు. కోటా తీర్థమూ పక్కపక్కన లేవు, రెండూ ఒకటే రాయి.

ఆంటీ చెప్పులు ఆటోలో వదిలేసి వచ్చారు. సంచిలోంచి బియ్యం తీసి, ఒక విగ్రహం ముందు పోసి, కళ్ళు మూసుకుని ణమోకార మంత్రం చదువుకుంటున్నారు. నేను పైకి చూస్తున్నాను. ఆ వరసలో చాలా విగ్రహాలకి ముఖాలు లేవు. ఉలితో చెక్కేసినట్టు చదునుగా ఉన్నాయి. కొన్నిటికి మాత్రం ముఖం ఉంది గానీ రాతి రంగు వేరు, ముఖం రంగు వేరు. గార పెట్టి తర్వాత చేసిన ముఖమని తెలిసిపోతోంది. ఆవిడ కళ్ళు తెరిచాక, నా తెలివి చూపించుకోవాలని కాబోలు, "ఈ ముఖం ఒరిజినల్ కాదు కదా ఆంటీ" అన్నాను.

ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. సంచి సర్దుకుని, "మా నాన్నగారికి ఆఖర్లో పళ్ళన్నీ ఊడిపోతే కట్టుడు పళ్ళు పెట్టించాం. ఆ పళ్ళతోనే పదేళ్ళు మాతో కూర్చుని తిన్నారు. అప్పుడు కూడా నువ్వొచ్చి ఒరిజినల్ కాదు అనేవాడివా?" అన్నారు. కోపంగా అనలేదు. వాళ్ళమ్మాయి మాత్రం నా వైపు అదోలా చూసింది. ఆ తర్వాత ఆటోలో కాసేపు ఎవరం మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక చేసిన పని చదవడం. బాబరు ఆత్మకథ, ఆనెట్ బెవరిడ్జ్ ఇంగ్లీషు అనువాదం, ఫోన్లో ఉంది. ఈ ముఖాల గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఎత్తి చూపే వాక్యం అందులోనిదే. 1528 సెప్టెంబరులో ఆగ్రా నుంచి బయల్దేరి గ్వాలియర్ చూడ్డానికి వచ్చిన బాబరు ఉర్వా లోయ చూశాడు. చోటు బాగానే ఉందన్నాడు. మర్మాంగాలు కూడా కప్పకుండా ఉన్న ఈ విగ్రహాలే దాని లోపమన్నాడు. వాటిని నాశనం చెయ్యమని ఆజ్ఞాపించానని రాసుకున్నాడు. ఆ వాక్యాన్ని ఒకళ్ళు నేరపత్రంలా చదువుతారు, ఇంకొకళ్ళు తప్పించుకోవడానికి దాటేస్తారు. రెండు పక్షాలూ ముందు వెనక పేజీలు చదవవు. నేను చదివాను, అది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

ఎందుకంటే ఆ పేజీల్లో ఉన్న మనిషి ఒట్టి మోటువాడైతే మనకి సుఖంగా ఉండేది. కాదు. ఆ ప్రయాణంలోనే ఒక రాత్రి చెవినొప్పి వచ్చి, వెన్నెల కూడా బాగుందని నల్లమందు వేసుకుంటాడు. మర్నాడు వాంతులతో అల్లాడుతూ కూడా మాన్ సింగ్ మహలు మొత్తం తిరిగి చూస్తాడు. వింతైన కట్టడమని మెచ్చుకుంటూనే ఒక పద్ధతీ పొందికా లేదని విమర్శిస్తాడు. అక్కడి తోటలో గన్నేరుపూల ఎరుపు మిగతా చోట్ల గన్నేరులా కాదని గమనించి, మొక్కలు ఆగ్రా తీసుకెళ్ళి నాటిస్తాడు. పైపెచ్చు, ఉర్వా చూశాక కోటలోని గుళ్ళకి కూడా వెళ్తాడు. వాటి కట్టుబడి మదర్సాలలా ఉందని పోలుస్తాడు, లోపలి విగ్రహాల గురించీ రాస్తాడు. వాటిని పగలగొట్టమన్నట్టు మాత్రం అక్కడ రాయలేదు. అంటే పూలరంగులో తేడా కనిపెట్టగలిగిన కన్నే ఆ బట్టల్లేని రాతిమనిషిలో లోపం తప్ప ఇంకేమీ చూడలేకపోయింది. అభిరుచి ఉంటే చాలు, చూపు దానంతటదే పెద్దదవుతుందని నాలాంటి పాఠకులం నమ్ముతాం. బాబరు ఆ నమ్మకాన్ని అక్కడే దెబ్బకొడతాడు.

ఇంకోటి. పుస్తకంలో ఉన్న మాట నాశనం. రాతి మీద ఉన్నది ముఖం లేని విగ్రహం. ఈ రెండిటికీ తేడా ఉంది. 57 అడుగుల రాతి మనిషిని మాయం చెయ్యాలంటే కొండనే తవ్వి పొయ్యాలి. ఆ పని చేతిలో పెట్టిన వాళ్ళు ఏం చేశారో ఊహించడం నాకు కష్టం కాదు. పైనుంచి ఆర్డరు వచ్చింది, గడువు ఉంది, చెయ్యగలిగినంత చేసి టికెట్ మూసేశారు. ఇది నా ఊహే, ఏ గ్రంథంలోనూ లేదు. కానీ చక్రవర్తి పుస్తకం ఒకటి చెబుతుంటే కొండ ఇంకోటి చెబుతోందనేది మాత్రం ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.

గైడులు చేసే తమాషా కూడా ఇక్కడే చెప్పాలి. హిందుస్తాన్ కోటల హారంలో గ్వాలియర్ ముత్యమని బాబరు అన్నాడని కోట మీద నాకు ఇద్దరు చెప్పారు. ఆ పోలిక బాబరుది కాదు, ఆయనకి మూడొందల ఏళ్ళ ముందు హసన్ నిజామీ రాసిన తాజుల్ మఆసిర్‌లోది. కొండకి ఒక వైపు ముఖాలు తీయించినవాడు బాబరంటారు, ఇంకో వైపు కోటకి ఇచ్చిన కితాబూ ఆయన ఖాతాలోనే వేస్తారు. నేను హైదరాబాదు నుంచి వచ్చానని తెలిసి ఒకతను తేలీ కా మందిర్‌ని చూపించి, ఇది మీదే, అసలు పేరు తెలంగాణా మందిర్ అన్నాడు. సంతోషించాను గానీ నమ్మలేదు. దాని బండిగూడు లాంటి శిఖరం మన గోపురాల పైభాగంలా కనిపించే మాట నిజమే, అయితే అలాంటి వలభీ శిఖరం ఉత్తరాదిలోనూ ఉంది.

బాబరు ఒక పాఠకుడు. అంతకు ముందే ఆ కొండని చదివినవాడు, కాదు, రాసినవాడు ఇంకొకడున్నాడు. రయిధూ. 15వ శతాబ్దపు అపభ్రంశ కవి, గ్వాలియర్‌లోనే ఉండి ఇరవైకి పైగా రచనలు చేశాడు. అపభ్రంశం నాకు రాదు. రాజారామ్ జైన్ పరిష్కరించిన గ్రంథావళి ద్వారా, హిందీ సాయంతో తడుముకుంటూ కొంత చదివాను. కవిగా రయిధూ నాకు మహా గొప్పగా ఏమీ అనిపించలేదు. నగర వర్ణన నగర వర్ణనలాగే ఉంటుంది, రాజు రాజులాగే ఉంటాడు. కానీ కావ్యాల మొదట్లోనూ చివర్లోనూ వచ్చే ప్రశస్తులు వదలబుద్ధి కాదు. అక్కడ డబ్బు పెట్టిన అగ్రవాల వర్తకుల కుటుంబాలు, వాళ్ళ భార్యలు, కొడుకులు, ఎవరు ఎవరి సంతానం అన్నీ పేర్లతో సహా ఉంటాయి. మన కావ్యాల అవతారికల్లో కృతిభర్త వంశవర్ణన దాటేసి కథలోకి వెళ్ళిపోతుంటాం కదా, ఇక్కడ తిరగేసి చదవాలి. ఇంచుమించు ఆ కాలంలోనే శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ సెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. దక్షిణాన సుగంధద్రవ్యాల వ్యాపారి డబ్బు పద్యమైంది. గ్వాలియర్‌లో వర్తకుల డబ్బు పద్యమూ అయింది, కొండ మీద విగ్రహమూ అయింది.

రయిధూ రాసిన సమ్మత్తగుణణిహాణ కావ్యంలో ఒక ఘట్టం ఉంది. కమలసింహుడనే వర్తకుడు డూంగర్ సింగ్ దగ్గరికి వెళ్ళి, ఆదినాథుడి పెద్ద విగ్రహం చేయించుకుంటాను, అనుమతివ్వమంటాడు. రాజు సరే అంటాడు. అనడమే కాదు, ముందు జరిగినవి చెప్తాడు. సౌరాష్ట్రంలో వీసలదేవుడి ఏలుబడిలో వస్తుపాల తేజపాలులు కట్టించలేదా, ఢిల్లీలో ఫిరోజ్ షా ఏలుబడిలో జైన వర్తకుడు చేయించలేదా, నువ్వూ చేయించుకో అంటాడు. జైనుడు కాని రాజు జైన వర్తకుడికి అనుమతిస్తూ చూపించిన ఉదాహరణల్లో ఒకటి సుల్తాను రాజ్యం నుంచి రావడం దగ్గర ఆగిపోయాను. ఇది కవి కల్పనే కావచ్చు, రాజు అచ్చంగా అలా మాట్లాడి ఉండకపోవచ్చు. కానీ 15వ శతాబ్దపు గ్వాలియర్‌లో జైన కవికి, ఒక మంచి పనికి పూర్వోదాహరణగా ఢిల్లీ సుల్తాను పేరు రాయడంలో ఎబ్బెట్టు ఏమీ కనిపించలేదన్నది మాత్రం పుస్తకంలోనే ఉంది. ఇప్పుడైతే ఆ పేరుని ఎవరో ఒకళ్ళు ఎడిట్ చేసేవాళ్ళు.

ఇక గార ముఖాల సంగతి. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1860లలో ఇక్కడికి వచ్చి కొలతలు తీసినప్పటికే జైనులు చాలా విగ్రహాలని రంగు గారతో బాగుచేసుకున్నారని రాశాడు. అంటే నేను "ఒరిజినల్ కాదు" అని తేల్చేసిన ముఖాల్లో కొన్ని, కనీసం నూటయాభై ఏళ్ళ పాతవి కావచ్చు. ఈ విషయంలో రెండు బళ్ళున్నాయి. పురావస్తు శాఖ బడి ఒకటి. జాన్ మార్షల్ 1923లో రాసిన పరిరక్షణ నియమావళి నుంచీ దాని సూత్రం ఒకటే, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడు, పోయినదాన్ని కొత్తగా కల్పించకు. రెండోది జీర్ణోద్ధరణ బడి, అది మార్షల్ కంటే చాలా పాతది. భిన్నమైన విగ్రహం పూజకి పనికిరాదని మన ఇళ్ళల్లో కూడా అంటారు కదా. అలాంటప్పుడు ముఖం పెట్టడం అలంకారం కాదు. ముఖం లేకపోతే ఆంటీకి ఆ చోట బియ్యం పొయ్యడానికే లేదు.

నేను పుట్టి పెరిగింది మొదటి బడిలో. పుస్తకం పట్టుకుంటే ఏది మూలం, ఏది ప్రక్షిప్తం అని వెతకడం నా జబ్బు. ప్రక్షిప్తమని తేలితే ఆ పద్యం మీద గౌరవం పోతుంది. కోడ్‌లో కూడా అంతే, ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో చూడనిదే నిద్ర పట్టదు. ఆటోలో కూర్చుని ఆలోచిస్తే వేమన గుర్తొచ్చాడు. బ్రౌను 1829లో తొలి సంపుటం అచ్చువేసింది ఎన్నో రాతప్రతులు పోగేసి, పోల్చి. వాటిలో ఏ పద్యం వేమనది, ఏది వేమన పేరుతో ఎవరో కట్టింది అని తేల్చేసినవాళ్ళు ఇప్పటికీ లేరు. మా నాయనమ్మ చెప్పిన వేమన పద్యాల్లో సగం ఏ సంపుటంలోనూ నాకు దొరకలేదు. అవి వేమనవి కావని ఆవిడతో నేనెప్పుడూ అనలేదు. మరి ఆంటీతో ఎందుకన్నాను? నాయనమ్మ పద్యాలు నావి కాబట్టి, ఈ ముఖం వేరేవాళ్ళది కాబట్టి. ఇంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు.

అలాగని గార ముఖాలన్నీ నాకు నచ్చాయని చెప్పను. కొన్ని బొత్తిగా బాగాలేవు. రాతి తీర్థంకరుడి భుజాల్లో, చేతుల వాలులో ఉన్న నిదానం ఆ ముఖాల్లో రాలేదు, కళ్ళు మరీ పెద్దవైపోయాయి. అది పనితనం మీద ఫిర్యాదు. అసలు అక్కడ ముఖం ఉండకూడదనే ఫిర్యాదు వేరు. నేను రెండోదాన్ని మొదటిదాని గొంతుతో అన్నాను.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కరీంనగర్ జిల్లా గంగాధర వైపు. అక్కడికి దగ్గర్లోనే కురిక్యాల, బొమ్మలమ్మ గుట్ట. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడ తీర్థంకరులనీ చక్రేశ్వరినీ చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగులో ఉన్నవి మూడు కంద పద్యాలు. మనకి మిగిలిన అతి పాత కందాల్లో అవి ఉన్నాయి కాబట్టి, తెలుగుకి ప్రాచీన హోదా వాదనలో ఈ గుట్ట పేరు మారుమోగింది. నేను వెళ్ళినరోజు అక్కడ మేకలు కాసే కుర్రాడు తప్ప ఎవరూ లేరు. ఆ బొమ్మలకి ఎవరూ గార పెట్టలేదు. మూలపాఠం కావాలనే నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి? అయినా అరగంటలో దిగి వచ్చేశాను. ఆ మూడు పద్యాలు నాకు కంఠతా రావు. చుట్టుపక్కలవాళ్ళు ఆవిడని బొమ్మలమ్మ అని పిలుచుకోబట్టే గుట్టకి ఆ పేరు నిలిచింది. వాళ్ళకి చక్రేశ్వరి పేరు తెలియదని నేను జాలిపడ్డాను కూడా. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీదా అంతే, జైనుల గుట్ట, అమ్మవారిగా కొలుస్తున్నారు, కింద చెరువులో బతుకమ్మలు వేస్తున్నారు. అక్కడ మాత్రం ఇది ఒరిజినల్ కాదని ఎవరితోనూ అనే ధైర్యం నాకు లేదు. మా పిన్నమ్మలే కొడతారు.

ఆ సాయంత్రం ఆంటీ మమ్మల్ని ఆగ్నేయం వైపు గుహల దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. ఒక రాతి బావి ఉంటుంది అక్కడ, ఏక్ పత్థర్ కీ బావడీ అంటారు. గోపాచల తీర్థమని జైనులు ముఖ్యంగా వచ్చేది అక్కడికి. పద్మాసనంలో కూర్చున్న పార్శ్వనాథుడు, 42 అడుగులు. ఉర్వాహీలో బళ్ళు హారన్లు కొట్టుకుంటూ దేవుళ్ళ కాళ్ళ ముందునుంచే పోతుంటాయి. ఇక్కడ ఆ గోల లేదు. ఒక కుటుంబం పిల్లాణ్ణి నేల మీద పడుకోబెట్టి మొక్కిస్తోంది. ఈసారి నేనూ చెప్పులు విప్పాను. ఆంటీ చూసి ఏమీ అనలేదు, బియ్యం కొంచెం నా చేతిలో కూడా పోశారు. ఏం చదవాలో తెలియక ఊరికే పోసేశాను.

రైలెక్కాక వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది, పెద్ద ఆదినాథుడితో అమ్మ ఫొటో తీశావుగా, పంపు, ఫ్రేము కట్టిస్తుందట అని. వెతికాను. ఆరు ఫొటోలున్నాయి. అన్నిట్లో ఆంటీ బాగానే పడ్డారు, వెనక పాదాలు, మోకాళ్ళు, ఒకదాంట్లో నడుము దాకా. పైభాగం ఒక్కదాంట్లోనూ పట్టలేదు. సున్నా మాత్రం నాలుగు కోణాల్లో ఉంది. ఉన్నవాటిలో నడుము దాకా వచ్చినది పంపించి, సారీ, తల రాలేదు అని రాశాను. పర్లేదంది, అమ్మ అక్కడ నిలబడి చూస్తే తనకీ అంతే కనిపిస్తుందట.